ప్లగ్గు పీకినా కరెంటు ఉంటుంది: వాల్వు గిటార్ యాంప్ కిట్టు కట్టేవాళ్లకు జాగ్రత్తలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు గిటార్ వాయించే పిల్లల్లో చాలామంది చర్చి కొయర్లలో నేర్చుకున్నవాళ్లే. కొన్నేళ్లు మామూలు ట్రాన్సిస్టర్ యాంపుతో (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్‌తో) వాయించాక వాల్వు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబు, ఇచ్చే శబ్దం మీద మనసు పడుతుంది. విడి భాగాల కిట్టు తెప్పించుకుంటారు. క్రిస్మస్‌కల్లా తయారవ్వాలని వానకాలంలో కట్టడం మొదలుపెడతారు. అంటే ముసురు పట్టి, నేల చెమ్మగా ఉండి, చేతులు చెమటతో తడిగా ఉండే రోజుల్లోనే ఈ పని జరుగుతుంది. అందుకే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే ఇది చదవండి.

"ఐదు వాట్ల చిన్న యాంపే కదా" అన్న మాట నాకు తరచూ వినిపిస్తుంది. ఆ ఐదు వాట్లు స్పీకర్‌కు వెళ్లేవి. లోపల వాల్వులు (ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84 లేదా 6వి6) పని చేయాలంటే 250 నుంచి 350 వోల్టుల డీసీ కావాలి. గోడ సాకెట్‌లో ఉండే 230 కన్నా అది ఎక్కువ. పైగా ఫిల్టర్ కెపాసిటర్లు ఆ కరెంటును పట్టి ఉంచుకుంటాయి. ఫ్యాన్ బాగుచేసే షాపులో కండెన్సర్ అనేది వీటినే. ప్లగ్గు పీకేసినా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

నా మొదటి కిట్టులో నేను తప్పు చేసింది ఇక్కడే. పద్ధతి ప్రకారం వాల్వులు పెట్టకుండానే పవర్ సప్లై పరీక్షించాను. మీటరులో 360 పైన కనిపించింది. అంతా సరిగ్గా ఉందన్న సంతోషంలో ప్లగ్గు తీసి, టీ తాగి వచ్చి, ఛాసిస్‌లో (భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెలో) పడిన చిన్న వైరు ముక్క తీద్దామని చెయ్యి పెట్టాను. వేలి కొస కెపాసిటర్ కాలుకు తగిలింది. చెయ్యి దానంతటదే ఎగిరి మోచెయ్యి టేబుల్ అంచుకు కొట్టుకుంది. భుజం దాకా ఆ నొప్పి రెండు రోజులు ఉంది. వాల్వులు ఉండి వేడెక్కి ఉంటే, ఆపిన తర్వాత కెపాసిటర్లలోని కరెంటు వాటి గుండా కొంత దిగిపోతుంది. వాల్వులు లేవు, ఆ కిట్టులో బ్లీడర్ రెసిస్టర్ (కెపాసిటర్‌ను మెల్లగా ఖాళీ చేసేది) కూడా లేదు. ఇక ఆ కరెంటు వెళ్లడానికి దారేదీ? టీ తాగొచ్చినంతసేపూ అది అక్కడే ఉంది.

కాబట్టి మీ కిట్టులో బ్లీడర్ లేకపోతే 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య వేయండి. దాన్ని నమ్మి ఊరుకోవద్దు, సోల్డర్ ఊడొచ్చు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు, మొసలి క్లిప్పులు పెట్టి, రెసిస్టర్ మీద స్లీవ్ తొడిగి డిశ్చార్జ్ వైరు తయారు చేసుకోండి. ప్లగ్గు పీకాక ఒక క్లిప్పు ఛాసిస్‌కు, రెండోది కెపాసిటర్ ప్లస్ కాలుకు పెట్టి అర నిమిషం ఉంచండి. ఒక్కొక్క కెపాసిటర్‌నూ మీటరుతో చూడండి. 5 వోల్టుల లోపలికి దిగితేనే చెయ్యి పెట్టండి. పని అయ్యేదాకా ఆ క్లిప్పు తీయకండి, ఎందుకంటే ఖాళీ అయిన కెపాసిటర్‌లో కూడా కాసేపటికి కొన్ని వోల్టులు మళ్లీ పైకి వస్తాయి. కొందరు స్క్రూడ్రైవర్‌తో టక్కుమని షార్ట్ చేస్తారు. నిప్పురవ్వ లేస్తుంది, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది. ఆ అలవాటు వద్దు.

ఇక ఎర్తింగ్. నా దృష్టిలో కిట్టు డబ్బా విప్పడానికి ముందే చూసుకోవాల్సింది ఇదే.

మా ఇంట్లో సాకెట్‌కు మూడు రంధ్రాలూ ఉన్నాయి, కాబట్టి ఎర్త్ ఉందనే అనుకున్నాను. ఒకరోజు మెయిన్ ఆపి బోర్డు విప్పించాం. పైరంధ్రం వెనక స్క్రూకు ఏ వైరూ లేదు. ఆకుపచ్చ వైరు ఒకటి పైపులోంచి బయటికి వచ్చి, కొసన రాగి కూడా తీయకుండా, చుట్ట చుట్టి మూలకు నొక్కేసి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అలాగే ఉందన్నమాట. ఇలాంటి ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ బల్బు పెట్టి చూపించమనండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వెలుగు వచ్చిందో ఇక్కడా అంతే రావాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపే స్విచ్) ఉంటే అది పడిపోతుంది, అదీ మంచి గుర్తే. బల్బు మినుకుమినుకుమంటే ఎర్త్ గుంత ఎండిపోయిందని అర్థం. మన ఎర్ర నేలలు రోహిణి కార్తెకు రాయిలా బిగుసుకుపోతాయి. గుంతలో బొగ్గు, ఉప్పు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఎండకాలమంతా బకెట్ నీళ్లు పోస్తుండాలి.

గిటార్‌కు ఎర్తింగ్‌తో పనేమిటని అడుగుతారు. తీగలు వాటిని పట్టి ఉంచే బ్రిడ్జి గుండా, కేబుల్ షీల్డ్ (లోపలి లోహపు అల్లిక) గుండా నేరుగా యాంప్ ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. లోపల ఫేజు వైరు ఊడి ఛాసిస్‌కు తగిలిందంటే మీ ఎడమ చేతి కింద ఉన్న ఆరు తీగలూ ఫేజే. అప్పుడు ఎర్త్ అయి ఉన్న మైకుకు పెదవి తగిలితే చాలు. మైకుకు ఎర్త్ లేకపోయినా ప్రమాదమే: 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజీ మీదే ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1976లో, యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో ఎర్త్ సరిగా లేని గిటార్ వాయిస్తూ పోయాడు.

ఛాసిస్‌లో ఎర్త్ వైరుకు విడిగా ఒక బోల్టు ఉండాలి. దానికి ఇంకేదీ బిగించకండి. కింద పెయింట్ గీకి, రింగు ట్యాగు, పళ్ల వాషర్ వేసి బిగించండి. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తోందని ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎవరు చెప్పినా వినకండి. హమ్ తగ్గించే పని హీటర్ (వాల్వును లోపల వేడి చేసే) వైర్లను గట్టిగా మెలితిప్పడంతో మొదలవుతుంది.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందున్న కరెంటును మాత్రమే చూస్తుంది. లోపలి 300 వోల్టుల డీసీకీ ఛాసిస్‌కూ మధ్య మీరు చిక్కుకుంటే దానికి తెలియదు, పడిపోదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది మీ అలవాట్లే. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబును మొసలి క్లిప్పుతో ఛాసిస్‌కు తగిలించి, ఎర్ర ప్రోబు ఒక్కటే కుడి చేత్తో పట్టుకోండి. ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. ఉంగరం, వాచీ తీసేయండి. షాబాద్ బండలు తుడిచి ఆరకముందే వాటి మీద కూర్చోకండి. రబ్బరు చెప్పులు వేసుకుని, చెక్క స్టూలు మీద కూర్చోండి. మీటరు ఎర్ర ప్రోబు ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయిందేమో ప్రతిసారీ చూసుకోండి.

కిట్టు ఆర్డర్ చేసేటప్పుడే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ఇంటి కరెంటు కలిపే వైపు) ఎన్ని వోల్టులదో అడగండి. అమెరికా కిట్టులో 120 వోల్టులది ఉంటుంది, మన దగ్గర పెడితే కాలిపోతుంది. ఆ వైపు 240 వోల్టుల ట్యాప్ (వైరు కలిపే చోటు) ఉంటే అదే వాడండి. మా వీధిలో రాత్రి పదకొండు దాటి బోరు మోటర్లు ఆగాక మీటరులో 252 చూశాను. 230 ట్యాప్‌లో ఉంటే 6.3 వోల్టుల హీటర్‌కు అప్పుడు 6.9 వెళ్తుంది. పది శాతం హద్దుకు అది అంచు. 240 ట్యాప్‌లో 6.6 దగ్గర ఆగుతుంది. 250-0-250 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య నుంచి రెండు వైపులా 250 వోల్టులు ఇచ్చేది) డయోడ్లతో అయితే వాల్వులు లేనప్పుడు 353 వోల్టులు ఇవ్వాలి. లైను ఎక్కువున్న రాత్రి 390 దాకా పోతుంది. కెపాసిటర్లు 450 వోల్టులవి కావాలి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసి వేయాలి. తిరగేసి వేస్తే పేలుతాయి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సీరీస్ బల్బు (యాంప్‌కు వెళ్లే వైరులో వరుసగా కలిపే బల్బు) లేకుండా ఇవ్వొద్దు. మోటర్ వైండింగ్ షాపులో గోడకు వేలాడే బోర్డే అది, అడిగితే చూపిస్తారు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. పూర్తి వెలుగుతో అలాగే ఉంటే లోపల షార్ట్ ఉంది, వెంటనే ప్లగ్గు తీసేయండి. వాల్వులు పెట్టే ముందు స్పీకర్ కలపండి. స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, కిట్టులో ఖరీదైన భాగాల్లో అదొకటి. తర్వాత ఈఎల్84 క్యాథోడ్ కాలుకు ఉన్న రెసిస్టర్ మీద వోల్టులు కొలవండి. 150 ఓముల మీద 6.6 వోల్టులుంటే 44 మిల్లీ ఆంపియర్లు. ప్లేటుకూ (వాల్వు లోపలి లోహపు రేకు) క్యాథోడ్‌కూ మధ్య 260 వోల్టులుంటే సుమారు 11.4 వాట్లు. ఈఎల్84 హద్దు 12 కాబట్టి ఫరవాలేదు. లోపలి ప్లేటు ఎర్రగా కాలడం మొదలైతే లెక్క వేస్తూ కూర్చోకండి, ఆపేయండి.

ఈ పని ఒంటరిగా చేయకండి. నేను అమ్మను గడప దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, "నాకేమైనా అయితే నన్ను పట్టుకోవద్దమ్మా, ముందు మెయిన్ ఆపు, తర్వాత 108కు ఫోన్ చెయ్" అని చెప్పి, రెండుసార్లు లేపి మెయిన్ ఆపించాను. "ఇట్లనేనా బిడ్డా?" అని మూడోసారి తనే వెళ్లి చూసొచ్చింది.

బయట వాయించేటప్పుడు అసలు భయం సాకెట్ల దగ్గరే. వినాయక మండపాల్లో, పెళ్లిళ్లలో ప్లగ్గు లేని వైర్లను అగ్గిపుల్లలతో గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉంటాయి. జనరేటర్‌కు ఎర్త్ కొట్టి ఉండరు. అలాంటి చోట ఈ యాంప్ పెట్టకండి, ఎంత మొహమాటపెట్టినా సరే. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే దాని మీదా వాయించకండి, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ వేడెక్కుతుంది.

యాంప్ వెనక సన్న జాలీ బిగించండి. వెచ్చదనానికి బల్లులు లోపల చేరి 300 వోల్టుల మీద పడతాయి. వాల్వులు చల్లబడకముందే తడిగుడ్డతో తుడిస్తే గాజు పగులుతుంది. కారు మబ్బు పట్టి దూరాన ఉరిమినా చాలు, సగం పాటలో ఉన్నా స్విచ్ ఆపి ప్లగ్గు గోడ నుంచి పీకేయండి.