గదుల మధ్య గోడ పనులు, 3వ పాఠం: అక్కరలేని ద్వారాన్ని జిప్సం బోర్డుతో మూయడం

గత పాఠంలో దర్వాజా చట్రాన్ని విప్పి, గోడలో మిగిలిన హోల్డ్‌ఫాస్టులను (చట్రాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలను) కోసి, ఖాళీ అంచులను శుభ్రం చేసుకున్నాం. ఇప్పుడు ఆ ఖాళీలో జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప రేకు) చట్రం నిలిపి, రెండు వైపులా బోర్డు బిగిద్దాం. పైన గోడ బరువు మోసే అడ్డ దూలాన్ని, అంటే లింటెల్‌ను మాత్రం ఏ కారణంతోనూ కదిలించకూడదు. మూసిన చోటు తరువాత కంటికి కనబడకూడదంటే, బోర్డు ముఖం పాత ప్లాస్టరింగ్‌తో ఎలా కలుస్తుందో చట్రం దశలోనే తేల్చుకోవాలి.

ముందుగా గోడ మందం చూడండి. అపార్ట్‌మెంట్లలో గదుల మధ్య కట్టే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపుల ప్లాస్టరింగ్‌తో కలిపి సుమారు 140 మి.మీ. ఉంటుంది. ఒకే ద్వారంలో పైనా కిందా మందం తేడాగా ఉండడం మామూలే కనుక నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. 50 మి.మీ. చానెల్‌లో (కిందా పైనా అడ్డంగా బిగించే రేకు పట్టీలో) ఒకే వరుస స్టడ్లు (నిలువు పట్టీలు) నిలిపి, రెండు వైపులా 12.5 మి.మీ. బోర్డు వేస్తే మొత్తం 75 మి.మీ. మాత్రమే అవుతుంది; మిగిలినంత లోతున గోడలో గూడు పడుతుంది. అందుకే ఇంత మందమున్న గోడకు రెండు వరుసల చట్రమే సరైనదని నా అభిప్రాయం. ప్రతి వరుసనూ తన వైపు ప్లాస్టరింగ్ ముఖానికి 15 మి.మీ. లోపలగా నిలపండి: అందులో 12.5 బోర్డుకు, మిగిలిన రెండున్నర టేపుకూ జాయింటింగ్ కాంపౌండుకూ సరిపోతాయి. ఆ రెండున్నర వదలకపోతే అతుకు ఉబ్బెత్తుగా లేచి, సాయంత్రం దీపం వెలుగు పక్కనుంచి పడగానే బయటపడుతుంది.

నేల చానెల్ గీత గీశాక, తూకం గుండుతో దానిని లింటెల్ అడుగుకు ఎక్కించండి. టైల్‌పై రంధ్రం వేసేటప్పుడు పింగాణీ పొర దాటేవరకు డ్రిల్ మిషన్ హ్యామర్‌ను ఆపి ఉంచాలి. పక్కగోడల్లో మరింత జాగ్రత్త అవసరం. స్విచ్‌బోర్డు సాధారణంగా ద్వారం పక్కనే ఉంటుంది, దాని వైర్ల పైపు అక్కడినుంచి నిలువుగా పైకి పోతుంది. కాబట్టి మెయిన్ ఆపి, రంధ్రాన్ని స్క్రూ పట్టే ప్లగ్గుకు కావలసినంత లోతుకే వేయండి. ద్వారం వెడల్పు 900 మి.మీ. అయితే ఒక్కో వరుసకు రెండు అంచు స్టడ్లు, నడుమ ఒకటి చాలు. ప్రతిదాన్నీ రసమట్టంతో సరిచూడండి. శబ్దం దాటకూడదనుకుంటే వరుసల మధ్య రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పరుపు) నింపండి.

బోర్డు ఆరడుగులది కొనవద్దు, ఏడడుగుల ద్వారానికి అడ్డంగా అతుకు వస్తుంది. ఎనిమిదడుగులది తెచ్చి కోయండి. అడుగున 10 మి.మీ. ఖాళీ వదలాలి, లేకపోతే తడిగుడ్డ పెట్టినప్పుడల్లా బోర్డు నీళ్లు పీల్చుకుని కింది అంచు మెత్తబడుతుంది. 25 మి.మీ. స్క్రూలను అడుగుకు మించని ఎడంతో, తల కాగితాన్ని చింపకుండా కొద్దిగా లోపలికి దిగేటట్లు బిగించండి. కాగితం చిరిగితే ఆ స్క్రూకు పట్టుండదు. దాన్ని తీసి, రెండు అంగుళాల దూరంలో మరొకటి వేయండి.

ఇటుకకూ బోర్డుకూ మధ్య అతుకులో తరువాత పగులు రాకుండా టేపు వేసే పద్ధతిని వచ్చే పాఠంలో నేర్చుకుందాం. ఆలోగా ఖాళీ చుట్టూ పాత గోడ మీద నాలుగు అంగుళాల మేర రంగునూ పుట్టీనీ గీకి ఉంచండి.