బెంగళూరులో ఉంటూ గెలాక్సీల కలయికను అర్థం చేసుకోవడం ఎలా?

రెండు గెలాక్సీలు ఢీకొని ఒకటి కావడానికి వంద కోట్ల సంవత్సరాలకు పైగా పట్టవచ్చు కాబట్టి ఆ దృశ్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడగలిగినవారు ఎవరూ ఉండరు. అయినా ఒక బైనాక్యులర్, ఒక ఆవగింజ, మూడు ఫోటోలు ఉంటే అది ఎలా జరుగుతుందో చక్కగా గ్రహించవచ్చు.

ముందుగా మన గెలాక్సీ అయిన పాలపుంత వైపు వస్తున్న ఆండ్రోమెడా గెలాక్సీని కళ్ళారా చూడండి. నగరపు వెలుతురులో అది దొరకడం కష్టం. కార్తీక అమావాస్య రోజుల్లో హైదరాబాదు రోడ్డు మీద బాగేపల్లి దాటి, ఏదైనా పల్లెలో మిద్దె ఎక్కడం మేలు. రాత్రి ఎనిమిదింటికి పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగూ కలిసి దాదాపు నడినెత్తిన పెద్ద చదరంగా కనిపిస్తాయి. ఉత్తరానికి తిరిగి నిలబడి, చదరం ఈశాన్య మూలనున్న చుక్క నుంచి కుడివైపు కాస్త దిగువగా రెండో చుక్క దాకా వెళ్ళి, అక్కడ ఎడమవైపు కిందికి మళ్ళి మరో రెండు చిన్న చుక్కలు లెక్కపెట్టండి. ఆ చివరి చుక్క పక్కనే బైనాక్యులర్‌లో, పలక మీద సుద్దగీతను వేలితో చెరిపినట్టు ఒక మసక కనిపిస్తుంది. చూపును కొంచెం పక్కకు నిలిపితే అది ఇంకా బాగా తెలుస్తుంది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరాలైంది. అది మనవైపు వస్తోందని 1912లో ఖగోళ శాస్త్రవేత్త వెస్టో స్లైఫర్ దాని వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) గుర్తించారు. సూర్యుడి చలనాన్ని మినహాయిస్తే రెండు గెలాక్సీలూ సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి.

తరువాత దూరాలను కొలవండి. సూర్యుణ్ణి 2 మిల్లీమీటర్ల ఆవగింజగా మెజెస్టిక్‌లో పెడితే, అతి దగ్గరి నక్షత్రం చిక్కబళ్ళాపురం దగ్గర ఉంటుంది. అందుకే గెలాక్సీలు ఒకదానిలోంచి మరొకటి దూసుకుపోయినా నక్షత్రాలు దాదాపుగా ఢీకొనవు. గెలాక్సీల లెక్క వేరు, వాటి పరిమాణంతో పోలిస్తే అవి దగ్గరదగ్గరగానే ఉంటాయి: పాలపుంత ఒక పూరీ అంత ఉంటే ఆండ్రోమెడా రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న మరో పూరీ. దూసుకుపోతున్న గెలాక్సీ తన వెనుక కృష్ణపదార్థాన్ని (కంటికి కనిపించకుండా, గురుత్వాకర్షణ వల్లే తెలిసే పదార్థాన్ని), నక్షత్రాలను పోగుచేసుకుంటుంది, ఆ పోగే దాన్ని వెనక్కి లాగుతుంది. అలా వేగం తగ్గి, మళ్ళీ తిరిగివచ్చి, చివరకు కలిసిపోతుంది. వాయుమేఘాలు మాత్రం నిజంగానే ఢీకొని కొత్త నక్షత్రాలను పుట్టిస్తాయి.

ఇక కలిసిపోతున్న గెలాక్సీల ఫోటోలు. ఎన్‌జీసీ (ఖగోళ వస్తువుల ఒక జాబితా) 4676, హస్త నక్షత్రమున్న చోటే కనిపించే యాంటెన్నా గెలాక్సీలు, ఎన్‌జీసీ 7252 చిత్రాలను ఈ క్రమంలోనే పేర్చండి: నక్షత్రాల పొడవాటి తోకలు సాగడం, చిక్కుపడటం, ఒకే ముద్ద కావడం కనిపిస్తుంది. ఆ తోకలు గురుత్వాకర్షణ వల్ల సాగినవేనని శాస్త్రవేత్తలైన అలార్, యూరీ టూమ్రే సోదరులు 1972లో లెక్కగట్టి చూపారు.

పాలపుంత, ఆండ్రోమెడా తప్పక కలుస్తాయని పత్రికల్లో చదివి ఉంటారు. చుట్టుపక్కల గెలాక్సీల ఆకర్షణను కూడా కలిపి 2025లో చేసిన లెక్క ప్రకారం రానున్న వెయ్యి కోట్ల సంవత్సరాల్లో అందుకు అవకాశం సగానికి సగమే. అందువల్ల ఆండ్రోమెడా ఫోటోను వరుసకు ముందు పెట్టండి గానీ, కాస్త ఎడంగా పెట్టండి.