కృప, తీర్పు రెండూ ఒకే సందేశంలో చెప్పాలంటే

ఒక ఆదివారం అంతా కృపే, మరో ఆదివారం అంతా ఉగ్రతే చెబితే, వినేవాళ్లకు ఇద్దరు దేవుళ్లున్నారా అనిపిస్తుంది. రెండో శతాబ్దపు బోధకుడు మార్సియన్ అన్నది దాదాపు అదే, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని, క్రీ.శ. 144లో రోమ్ సంఘం అతన్ని వెలివేసింది. అందుకే సగం ఇది, సగం అది అని లెక్క వేసుకోకండి.

ముందు నిర్గమకాండము 34:6-7 తీయండి. బంగారు దూడను పూజించిన జనం గురించి మోషే బతిమాలుకున్నాక దేవుడు తన గురించి తానే చెప్పుకున్న మాటలవి: కనికరం, దీర్ఘశాంతం, క్షమాపణ, ఆ వెంటనే దోషిని ఊరికే వదిలిపెట్టనని కూడా. చాలామంది ఆరో వచనంతో ఆపేస్తారు, దయచేసి ఆపకండి.

తర్వాత యోనా, నహూము వెంటవెంటనే చదవండి, రెండూ కలిపి ఏడు అధ్యాయాలే. రెండూ అష్షూరు సామ్రాజ్యపు మహా పట్టణం నీనెవె గురించే. నువ్వు కరుణిస్తావని తెలిసే కదా పారిపోయానని యోనా 4:2లో దేవుడి మీద కోప్పడుతూ ఆ నిర్గమకాండము మాటలే ఎత్తుతాడు. నహూము 1:3లోనూ అదే దీర్ఘశాంతం ఉంటుంది, కానీ ఈసారి తీర్పు ఆగదు, క్రీ.పూ. 612లో ఆ పట్టణం కూలిపోయింది. రెండు పుస్తకాలూ ప్రశ్నతోనే ముగుస్తాయి. లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఊరి మీద నాకు జాలి ఉండదా అని యోనాలో, నీ దుర్మార్గం తగలనివాళ్లు ఎవరున్నారని నహూములో. ఈ రెండో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే అష్షూరు చేతిలో నలిగిపోయినవాళ్లకు తీర్పు భయపెట్టే వార్త కాదు, ఎదురుచూసిన న్యాయం.

అక్కడి నుంచి రోమా 3:25-26కి రండి. దేవుడు పాపాన్ని చూసీచూడనట్టు వదిలేయలేదు, పాపినీ వదులుకోలేదు, సిలువ దగ్గర ఆ రెండూ కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎవరింట్లోనైనా జబ్బో చావో వస్తే అది దేవుడి తీర్పని స్టేజీ మీద నుంచి అనేయకండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులు కాదని యేసే చెప్పాడు (లూకా 13:4-5), వెంటనే వింటున్నవాళ్లనే మారుమనస్సు పొందమన్నాడు. ఆ కిందే అంజూరపు చెట్టు ఉపమానం ఉంది: ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, కాయకపోతే నరికించండి అంటాడు తోటమాలి. సందేశం చివర అది చదివి, వివరణ పెంచకుండా నేరుగా ప్రార్థనకు పిలవండి.