ఎయిర్ రైఫిల్‌లో అరిగే భాగాలు, దగ్గర ఉంచుకోవలసిన విడిభాగాలు

చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఈ రకం తుపాకీలో ఉక్కు గొట్టం ఏళ్ల తరబడి మన్నుతుంది. ముందుగా పాడయ్యేవి గాలి బయటికి పోకుండా ఆపే చిన్న రబ్బరు ఓ-రింగులే.

అధిక పీడన గాలి నింపిన సిలిండర్‌ను రైఫిల్‌కు బిగించే చోట ఉన్న రింగును వేళ్ల మధ్య కొద్దిగా సాగదీసి, వెలుతురులో చూడండి. సన్నని బీటలు గానీ, ఒకవైపు చదునైన అంచు గానీ కనిపిస్తే వెంటనే మార్చవలసిందే. రాత్రి 200 బార్ (గాలి పీడనపు కొలమానం) చూపిన మీటరు తెల్లవారేసరికి 170కి దిగితే గాలి కారుతున్నట్లే. గాలి ఒత్తిడిని పూర్తిగా తీసివేశాకే రింగు విప్పాలి, కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. అధిక పీడనంలో మండే ప్రమాదం ఉన్నందున మామూలు నూనె ఎన్నడూ వాడకూడదు.

ప్రతి కొలత రింగులు రెండేసి, పెల్లెట్‌ను లోపలికి నెట్టే భాగపు సీలు, సైటు (గురి చూసే భాగం) స్క్రూలు చిన్న డబ్బాలో ఉంచుకోండి. చెన్నై ఉప్పుగాలికి స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి అందులో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. గడువు తీరిన సిలిండర్‌ను మాత్రం పిల్లల చేతికి దయచేసి ఇవ్వకండి.