డాబా మీద అలిస్సం: విత్తనంపై మట్టి కప్పకండి

చలికాలం మొదలవగానే హైదరాబాద్ నర్సరీల్లో తెల్లటి పూలతో కుండీ అంచులు దాటి వేలాడే, తేనె వాసన వచ్చే పొట్టి మొక్క కనిపిస్తుంది. అదే స్వీట్ అలిస్సం. శాస్త్రీయ నామం లోబులేరియా మారిటిమా. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీల కుటుంబం. పువ్వును కంటి దగ్గర పెట్టుకుని చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది: ప్లస్ గుర్తులా నాలుగు రెక్కలు, మధ్యలో ఆరు కేసరాలు, అందులో నాలుగు పొడవు, రెండు పొట్టి. ఆవపువ్వులోనూ ఇదే లెక్క.

మధ్యధరా తీరాల ఇసుకలో, రాళ్ల సందుల్లో ఇది ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. అక్కడ మొదలు కర్రబారి, చిన్న పొదలా కొన్నేళ్లు బతుకుతుంది. మన ఎండలకు అంత కాలం ఆగదు, ఏటా విత్తుకోవాల్సిందే.

అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు నెలాఖరు లోపు విత్తండి. ఆగస్టు, సెప్టెంబరు వానల్లో పోసిన నారు కుళ్లిపోతుంది. విత్తిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూత వస్తుంది కాబట్టి, దసరా దాటాక విత్తితే సంక్రాంతికి కుండీ నిండుగా ఉంటుంది. జనవరిలో పూతతో కొన్న మొక్క మహా అయితే రెండు నెలలు పూస్తుంది, అది తెలిసే కొనండి.

చాలామంది విత్తనం దగ్గరే దెబ్బతింటారు. మెంతులు చల్లినట్టు చల్లి పైన మట్టి కప్పేస్తారు. అలిస్సం విత్తనం మొలవాలంటే వెలుతురు తగలాలి. గ్రాముకు దాదాపు 3,000 విత్తనాలు తూగేంత సన్నం. మట్టి కింద పడితే పైకి వచ్చే శక్తి దానికి ఉండదు. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, తడిపిన ట్రేలో పలుచగా చల్లి, చెక్కముక్కతో మెల్లగా అదమండి. అంతే. పైనుంచి నీళ్లు పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. ట్రేను పది నిమిషాలు నీళ్ల తొట్టిలో ఉంచితే కింది నుంచే తడి ఎక్కుతుంది. ఎండ పడని, వెలుతురు ఉన్నచోట పెట్టండి. ఐదు నుంచి పది రోజుల్లో మొలకలొస్తాయి.

మొలక కాండం మట్టి దగ్గర దారంలా సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. ఆ మొలక ఇక బతకదు. చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, తడి తగ్గించి, గాలి ఆడనివ్వండి.

నాలుగైదు ఆకులు వచ్చాక పది అంగుళాల కుండీలో మూడు మొక్కలు నాటండి. ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, వర్మీకంపోస్ట్ ఒక వంతు చాలు. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయండి. ఎరువు ఎక్కువ వేయకండి, నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది.

మొదటి విడత పూత అయ్యేసరికి కాడ సాగి, కింద కాయలు, కొసన మాత్రమే పూలు మిగులుతాయి. అప్పుడు కత్తెరతో మొక్కను మూడో వంతు కత్తిరించండి. చేయి రాకపోయినా కత్తిరించాల్సిందే. కాయ ముదిరేకొద్దీ మొక్క పూయడం మానేస్తుంది. రెండు మూడు వారాల్లో మళ్లీ తెల్లబడుతుంది.

ఆకులకు చిల్లులు పడి, కింద సన్నటి ఆకుపచ్చ పురుగు కనిపించి, ముట్టుకోగానే గింజుకుంటూ దారం పట్టుకుని వేలాడితే అది క్యాబేజీని తినే డైమండ్‌బ్యాక్ మాత్ పురుగే. చేత్తో ఏరేయండి. రసాయన మందులు మాత్రం వద్దు. ఈ పూల మీదకు వచ్చే హోవర్‌ఫ్లై ఈగల పిల్లపురుగులు మొక్కల రసం పీల్చే పేనుబంకను తింటాయి. కాలిఫోర్నియాలో లెట్యూస్ రైతులు సాళ్ల మధ్య అలిస్సం వేసేది ఇందుకే. మందు కొడితే ముందు చచ్చేవి ఆ ఈగలే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక పూత పలచబడుతుంది. అప్పటికి ఒక మొక్కను కత్తిరించకుండా వదిలేస్తే విత్తనం దక్కుతుంది. గుండ్రటి కాయ ఎండి గోధుమ రంగుకు తిరిగాక, కింద కాగితం పరిచి కాడను దులపండి. కాయ లోపల రెండు అరలు (గదులు), అరకొక గింజ చొప్పున కాయకు రెండు గింజలు రాలతాయి. నీడన ఆరబెట్టి, కాగితం కవరులో అక్టోబరు దాకా దాచుకోండి. పక్కన ఊదా రంగు రకం ఉంటే మాత్రం వచ్చే ఏడు అన్నీ తెల్లగా పూస్తాయని అనుకోకండి.