లోహం గడ్డకట్టే తీరును గాజు గ్లాసులో చూడడం ఎలా?

కరిగించిన అల్యూమినియంను మూసలో పోశాక లోపల స్ఫటికాలు ఎలా పెరుగుతాయో మనకు కనిపించదు, లోహం గుండా వెలుతురు పోదు కదా. అందుకే లోహాలను పరిశోధించేవాళ్లు వాటిలాగే గడ్డకట్టే పారదర్శక ద్రావణాలను వాడతారు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ల దగ్గర ఉండే నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, దీనికి బాగా పనికొస్తుంది. ఉప్పు చదునైన ముఖాలతో ఘనాలుగా పెరుగుతుంది. నవాసాగరం మాత్రం లోహాల్లాగే కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మల స్ఫటికమే డెండ్రైట్.

ముందు జాగ్రత్తలు. వంట గిన్నెలు, అల్యూమినియం పాత్రలు వాడొద్దు. బ్లీచింగ్ పౌడర్, సున్నం దగ్గరికి రానివ్వొద్దు, విషవాయువులు వస్తాయి. నవాసాగరం పొడిని ఉత్తగా వేడి చేయకండి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

1. ద్రావణం
వేడిని తట్టుకునే గాజు బీకరులో 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను 60 డిగ్రీల దాకా వేడి చేసి, 45 గ్రాముల పొడి కలపండి. కరిగేటప్పుడు అది నీళ్ల వేడిని లాగేసుకుంటుంది, కాబట్టి మళ్లీ కాస్త వేడి చేయాలి. ఒక్క రేణువు కూడా మిగలకూడదు. సుమారు 40 డిగ్రీల దగ్గర స్ఫటికాలు మొదలవుతాయి.

2. ఒక చుక్క
గోరువెచ్చని గాజు స్లైడ్ మీద చుక్క వేసి, ఫోన్‌కు మాక్రో లెన్స్ పెట్టి అంచునే చూడండి. ముందు ఒక కాడ దూసుకొస్తుంది, తర్వాత దానికి రెండు వైపులా చింతాకు రెమ్మలా పక్క కొమ్మలు పుడతాయి. ఇలా ఎందుకు? స్ఫటికం నవాసాగరాన్ని తీసుకుని నీటిని బయటికి నెట్టేస్తుంది. దాంతో చుట్టూ ద్రావణం పలచబడుతుంది. ఏదైనా చిన్న మొన ఆ పలచని పొరను దాటి ముందుకు పొడుచుకొస్తే, దానికి చిక్కని ద్రావణం అంది ఇంకా వేగంగా పెరుగుతుంది. మిశ్రమలోహంలో జరిగేదీ ఇదే. అక్కడ బయటికి నెట్టేది కలిపిన రెండో లోహాన్ని.

చూడడం ఆపేయకండి, అసలు మార్పు తర్వాతే. సన్న కొమ్మలు కరిగిపోతూ లావువి ఇంకా లావెక్కుతాయి. గడ్డకట్టడానికి ఎక్కువసేపు పడితే కొమ్మల మధ్య దూరం పెరుగుతుంది. అల్యూమినియం పోతల్లో ఆ దూరం కొలిచి, పోత ఎంత వేగంగా చల్లారిందో చెప్పేస్తారు.

3. గ్లాసు
మిగిలిన ద్రావణం 45 డిగ్రీలకు దిగాక బీకరును ఐసు నీళ్లలో సగం దాకా ముంచండి. గోడల నుంచి కొమ్మలు లోపలికి పెరుగుతాయి. గాజు కడ్డీతో ఒకసారి మెల్లగా తిప్పితే విరిగిన ముక్కలు మధ్యలో రాలుతూ, ఒక్కొక్కటీ కొత్త స్ఫటికంగా ఎదుగుతుంది. పోతల మధ్యలో ఉండే గుండ్రటి రేణువులకు ఇలాంటి ముక్కలు మూలం కావచ్చని శాస్త్రవేత్తలు జాక్సన్, హంట్ బృందం 1966లో ఇలాంటి పారదర్శక పదార్థాలతోనే చూపించింది.

4. కింద నుంచి చల్లార్చడం
మళ్లీ వేడి చేసి అంతా కరగనివ్వండి. ఈసారి బీకరు చుట్టూ థర్మోకోల్ కట్టి, టార్చ్‌తో చూడ్డానికి సన్నటి సందు వదిలి, అడుగు మాత్రమే ఐసుకు తగిలేలా పెట్టండి. కొమ్మలు నిలువుగా లేస్తాయి. వాటి మధ్య మిగిలిన పలచని ద్రావణం తేలిక కాబట్టి సన్నటి ధారలుగా పైకి చిమ్ముతుంది. టర్బైన్ బ్లేడ్ల పోతలో ఇలాంటి ధారలు వస్తే ఫ్రెకిల్స్ అనే లోపం మిగులుతుంది, ఆ బ్లేడు పనికిరాకుండా పోవచ్చు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ల కోసం ఏకస్ఫటిక బ్లేడ్లు (బ్లేడు మొత్తం ఒకే స్ఫటికం) తయారు చేసింది కూడా ఇలా వేడిని ఒకే దిక్కుకు లాగే పద్ధతిలోనే.