మూలపడిన కంబైన్ హార్వెస్టర్‌ని కోతకు సిద్ధం చేయడం

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోయిన హార్వెస్టర్‌ దగ్గరికి వెళ్లగానే చాలామంది బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడతారు. అది తొందరపాటు. పాత డీజిల్ ఇంజన్ ఏదో విధంగా లేస్తుంది, కానీ కోత మధ్యలో మిషన్‌ని పొలంలో ఆపేసేవి ఎక్కువగా బేరింగులు, బెల్టులు, చైన్లు. చేతిలో ఉన్న డబ్బూ టైమూ ముందు వాటికి పెట్టండి, పెయింటు సంగతి కోతయ్యాక చూడొచ్చు. పాత మోడళ్ల స్పేర్లు దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి కనీసం రెండు నెలల ముందు పని మొదలుపెట్టాలి.

ముందు శుభ్రం

ఎత్తిన హెడర్ (ముందుండే పైరు కోసే భాగం) కిందికి దూరే ముందు దాన్ని ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్‌కి సేఫ్టీ లాక్ వేసి తీరాలి. పాత హైడ్రాలిక్ సీలు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. తర్వాత ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ల అడుగు మూతలు, పైరుతో వచ్చే రాళ్లు పడే గుంట, ధాన్యాన్ని నెట్టే మరల (ఆగర్ల) కింది తలుపులు అన్నీ తెరవండి. మిగిలిపోయిన ధాన్యం తేమకు ముద్దకట్టి చైనుకి తుప్పు పట్టించేది అక్కడే. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో, ఫ్యాను గూట్లో, వైరింగ్ వెంట ఎలుకలు గూళ్లు పెడతాయి. మాస్కు, గ్లవ్స్ లేకుండా వాటిని కదపొద్దు. కొరికిన వైరుని టేపు చుట్టి వదిలేయకుండా మార్చేయండి, పొట్టు మధ్య ఒక్క నిప్పురవ్వ చాలు. బేరింగుల మీద ప్రెషర్ నీళ్లు కొట్టకుండా గాలితో ఊదండి. రేడియేటర్‌ని ఇంజన్ వైపు నుంచి బయటికి ఊదాలి, లేకపోతే పొట్టు ఇంకా లోపలికి కూరుకుపోతుంది.

ఇంజన్

డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. హెడ్ గాస్కెట్టో లైనర్ సీలో చూసుకోకుండా ముందుకెళ్లొద్దు. లెవెల్ ఎక్కువై డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ పంపు సీలు లీకు కావొచ్చు.

డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి ఒక్కో సిలిండర్‌లో నాలుగైదు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత క్రాంకు పుల్లీ బోల్టుకి పానా పట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. తిరగకపోతే ఇంకొన్నాళ్లు నాననివ్వండి. సెల్ఫ్‌తో బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. డీజిల్ ట్యాంకు అడుగునున్న నీళ్లు, మడ్డి పూర్తిగా దించి, ఫిల్టర్లు మార్చి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంపు కొట్టి గాలి తీయండి.

స్టార్ట్ చేసే ముందు డీజిల్ పంపు మీది, ఇంజన్ ఆపే స్టాప్ లివర్ చేత్తో స్వేచ్ఛగా కదులుతోందా చూడటం చాలామంది మర్చిపోతారు. పంపులో డీజిల్ మోతాదు మార్చే కడ్డీ (ర్యాక్) తుప్పుతో బిగుసుకుంటే ఇంజన్ వేగం అదుపు తప్పి ఆగనంటుంది. గాలి లోపలికి పోయే గొట్టం మూయడానికి ఒక చదునైన చెక్క దగ్గర పెట్టుకోండి. నూర్పిడి భాగాలు తిరగకుండా వాటి క్లచ్ విడదీసే స్టార్ట్ చేయాలి. పది సెకన్లలో ఆయిల్ ప్రెషర్ చూపించకపోతే ఆపేయండి.

బేరింగులు, బెల్టులు

విసుగు పుట్టించే పని ఇదే, తప్పించుకోలేనిదీ ఇదే. బెల్టు ఒక్కొక్కటే తీసి షాఫ్టుని చేత్తో తిప్పండి. గరగరమన్నా, పట్టి ఊపితే కదిలినా ఆ బేరింగ్ పోయినట్టే. షాఫ్టుకీ లోపలి రింగుకీ మధ్య ఎర్రటి పొడి కనిపిస్తే రింగు షాఫ్టు మీద జారి తిరుగుతోందని అర్థం. బేరింగ్‌తో పాటు షాఫ్టు అరుగుదల కూడా చూడాలి. పక్కన లాకింగ్ కాలర్ (బేరింగ్‌ని షాఫ్టుకి బిగించే రింగు) ఉన్న రకమైతే, కాలర్‌ని షాఫ్టు తిరిగే దిశలోనే తిప్పి, పంచ్‌తో తట్టి, స్క్రూ బిగించాలి. ఎదురు దిశలో బిగిస్తే పనిలో వదులైపోతుంది. సీలున్న బేరింగుకి గ్రీజు ఒకటి రెండు కొట్లు చాలు. ఎక్కువైతే సీలు బయటికి తన్ని దుమ్ముకి దారిస్తుంది.

వి బెల్టు పుల్లీ గాడి అడుగుకి తగలకూడదు. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టో పుల్లీయో అరిగిందని లెక్క. జంట బెల్టుల్లో ఒకటి తెగినా రెండూ మార్చాలి, లేదంటే కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది. రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి పట్టుకుంటే వంకర ఇట్టే తెలుస్తుంది. భారం ఎక్కువైతే జారి మిషన్‌ని కాపాడే స్లిప్ క్లచ్‌లు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. స్ప్రింగ్ పొడవు కొలిచి రాసుకుని, వదులు చేసి, ప్లేట్లు శుభ్రం చేసి, మళ్లీ అదే పొడవుకి బిగించండి.

డ్రమ్ము, కాంకేవ్, కట్టర్ బార్

కంకుల్ని నూర్చే డ్రమ్ము మీద గాళ్లున్న ఇనుప పట్టీ (రాస్ప్ బార్) ఒకటి వంగినా ఎదురుగా ఉన్నదాన్ని కూడా కలిపి జతగా మార్చాలి. బరువు తేడా ఉంటే ఆ వేగంలో వణుకు పుట్టి బేరింగుల్ని తినేస్తుంది. డ్రమ్ముకీ దాని కింద వంపుగా ఉండే జాలీకీ (కాంకేవ్) మధ్య సందు కుడి ఎడమల సమానంగా ఉండాలి. తేడా ఉంటే ఒక పక్క నూక, ఇంకో పక్క నూరని కంకి వస్తాయి. మాన్యువల్ లేకపోతే గోధుమకి ముందు 12, వెనక 6 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. వేగాన్ని డ్రమ్ము అంచు వేగంతో లెక్కేయండి. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము 800 ఆర్పీఎం దగ్గర సెకనుకి సుమారు 25 మీటర్లు తిరుగుతుంది. రాస్ప్ బార్ డ్రమ్ముతో వరికి ఇంకాస్త తక్కువే మంచిది.

పైరుని కోసే కట్టర్ బార్‌లో బ్లేడు అటూ ఇటూ కదిలే స్ట్రోకు చివర ఆగినప్పుడు దాని మధ్యభాగం గార్డు (వేలిలా ముందుకు పొడుచుకొచ్చే భాగం) మధ్యలోకి రావాలి. డ్రైవ్ విప్పి చేత్తో లాగితే బ్లేడ్ల పట్టీ పట్టకుండా జారాలి.

ట్రయల్, ఆపై పొలం

ఖాళీగా పది నిమిషాలు స్లో మీద, అరగంట ఫుల్ స్పీడు మీద నడిపి ఆపండి. ఇంజన్ ఆపాక కూడా డ్రమ్ము కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా నిలిచాకే దగ్గరికి వెళ్లండి. బేరింగు గూళ్లని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసి, పక్కవాటికంటే బాగా వేడెక్కిన దాన్ని మళ్లీ విప్పండి. మంటలార్పే సిలిండర్ మిషన్ మీద చేతికందేలా ఉండాలి.

పొలంలో ఇంజన్ ఎప్పుడూ ఫుల్ ఆర్పీఎం మీదే ఉండాలి. డీజిల్ ఆదా అని తగ్గిస్తే జల్లెడ, ఫ్యాను కూడా నెమ్మదించి గింజ గడ్డితో పోతుంది. నూక వస్తుంటే ముందు డ్రమ్ము వేగం 50 ఆర్పీఎం తగ్గించండి, అప్పటికీ ఆగకపోతేనే కాంకేవ్ సందు పెంచండి. కంకికి గింజ మిగిలిపోతుంటే సందు తగ్గించండి. ట్యాంకులో తాలు, పొట్టు ఎక్కువైతే ఫ్యాను గాలి పెంచాలి, జల్లెడ వెనక మంచి గింజ రాలుతుంటే తగ్గించాలి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, ముప్పై నలభై మీటర్లు కోసి, దిగి వెనక నేల మీద గింజలు చూసుకున్నాకే ఇంకోదాని జోలికి వెళ్లండి.